అద్దం మీది గీత

సదాశివరావు వాయుసేనలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాక దేశ రాజధానిలోని ద్వారకాలో స్థిరపడ్డాడు. పాత యుద్ధవిమానాల కాక్‌పిట్ గడియారాలంటే ఆయనకు ప్రాణం. విమానాలు తుక్కుకింద పోయినా, వాటి గడియారాలు ఎక్కడెక్కడి నుంచో ఆయన బల్ల మీదికి చేరేవి. ఆగిపోయినదాన్ని ఆడించి, మాసిన డయలుకు రంగు దిద్ది, కొత్తదానిలా చేసి ఇచ్చేవాడు. బాగుచెయ్యక ముందు, చేశాక తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి, గడియారాలు సేకరించేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పంపడం ఆయన సరదా.

ఆర్.కె. పురంలో కూతురి క్వార్టర్లో ఉంటున్న లీలావతి ఒకరోజు తన భర్త గడియారం తెచ్చింది. గోపీకృష్ణ పైలట్. ఆయన నడిపిన విమానాన్ని పక్కన పెట్టేసినప్పుడు, అందులోంచి విప్పి తోటివాళ్లు కానుకగా ఇచ్చారట. ఆయన పోయి ఏడాది దాటింది. గడియారం ఆగిపోయిందని, మళ్లీ ఆడితే చాలని చెప్పింది.

లోపల నూనె గడ్డకట్టింది, అంతే. శుభ్రం చేయగానే ఆడింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ప్లాస్టిక్ అద్దం మీద నాలుగు అంకె దగ్గర లోతైన గీత ఒకటి కనిపించింది. ఒరుసుకుని పడ్డది కాదు, ఎవరో పట్టుబట్టి గీసినది. ఫోన్ చేసి అడుగుదామా అనుకున్నాడు. కానీ ఆ గీత ఉంటే ఫోటో అందంగా రాదు. అద్దం మార్చేసి, పాతది చెత్తలో వేశాడు.

లీలావతి వచ్చి గడియారం చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో నాలుగు దగ్గర తడిమింది. మళ్లీ తడిమింది. "బాగా ఆడుతోంది అన్నయ్యగారూ," అని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తడిమిన తీరు ఆయన్ని వదల్లేదు. గ్రూపులో వస్తున్న మెచ్చుకోళ్లు ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగిలాయి. చెత్తబండి వెళ్లిపోయిందని తెలిసి కూడా కిందికి దిగి డబ్బాలు వెతికాడు. అన్నం సయించలేదు. చివరికి మెట్రో ఎక్కి ఆర్.కె. పురం వెళ్లాడు.

గుమ్మంలోనే చెప్పేశాడు. "ఆ గీత చూశానమ్మా. చూసి కూడా అద్దం మార్చేశాను. మిమ్మల్ని అడగాలని కూడా అనిపించింది. అడగలేదు."

ఆవిడ కూర్చోమని, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. చివరి రోజుల్లో గోపీకృష్ణకు మతిమరుపు జబ్బు ముదిరింది. ఆవిడ ట్యూషన్లు చెప్పడానికి వెళ్తే కంగారుపడి వీధిలోకి వెళ్లిపోయేవాడు. నాలుగింటికి వస్తానని రోజూ చెప్పేది, ఆయన రోజూ మరిచిపోయేవాడు. ఒకనాడు కూరగాయల చాకుతో తనే ఆ గీత గీసుకున్నాడు. చిన్నముల్లు దాని కిందికి వచ్చేదాకా గడియారం ఒళ్లో పెట్టుకుని కుదురుగా కూర్చునేవాడు.

"నా పేరు మరిచిపోయాక కూడా ఆ గీత ఎందుకో ఆయనకి గుర్తుండేది," అంది.

సదాశివరావు తలెత్తలేకపోయాడు. ఫోటో చూసి అచ్చం అలాగే మళ్లీ గీసిస్తానన్నాడు.

"వద్దండీ. మీరు గీస్తే అది మీ గీత అవుతుంది."

ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే భరించడం తేలికయ్యేదనిపించింది ఆయనకు.

కీళ్లనొప్పులతో ఆవిడ వేళ్లకు వారానికోసారి గడియారానికి కీ ఇవ్వడం కష్టం. ఆ పని తను చేస్తానని అడిగాడు. ఆవిడ సరేనంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నాడు. ఆవిడ కాఫీ ఇస్తుంది, గోపీకృష్ణ విమానాలు నడిపిన రోజుల కబుర్లు చెబుతుంది. క్షమించానని ఎప్పుడూ అనలేదు, ఆయన అడగనూ లేదు. వద్దంటున్నా వినకుండా తన కప్పు తనే కడిగి బోర్లించి బయల్దేరతాడు.