పచ్చ గోడ వెనక బావి

ఫ్లెక్సీలు వచ్చాక గోడల మీద రాసేవాళ్లకు పని తగ్గింది. అందుకే కేసముద్రం దాటాక ఉన్న పెట్రోల్ బంకు ప్రహరీ మొత్తం నాకే అప్పగించినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయిల్ కంపెనీ పెద్దసార్లు పర్యావరణం పనులు చూడటానికి వస్తున్నారట. గోడంతా అడవి కావాలి. ఒక నెమలి, మొక్కకు నీళ్లు పోస్తున్న పాప, పైన ‘భూమి మన అమ్మ’ అని పెద్ద అక్షరాలు.

నెమలి కాస్త బాతులా వచ్చిందని బంకు ఓనర్ నవ్వాడు గానీ, ఆకులు మాత్రం బాగా కుదిరాయి. మానుకోట బస్సుల్లో పోయేవాళ్లు తొంగి చూసేవారు. “మంచి కంపెనీ, చెట్లంటే పానం” అని పెట్రోలు పోయించుకుంటున్న ఒకాయన అంటే నాకే గర్వమనిపించింది. కంపెనీ ఎన్ని మొక్కలు నాటిందో నాకు తెలియదు. నేను నాటినవన్నీ ఎనామిల్‌ పెయింటువే.

గోడ వెనకే తండా. మొదటి ఇల్లు ఒక లంబాడీ అవ్వది. ఇంటి ముందే చేదబావి. మూడో రోజు మధ్యాహ్నం ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది.

“ఇవి మా బావి నీళ్లు. జర వాసన చూడు బిడ్డా. వానలు పడ్డకాడినుంచి డీజిల్ వాసన కొడ్తున్నయని నేను, నా కోడలు అంటున్నం. బంకోళ్లేమో నీకు చాదస్తం అంటున్నరు. తాగే నీళ్లకు అంత దూరం చెల్క బావికాడికి పోతున్న, మోకాళ్లు గుంజుతున్నయి” అంది.

వాసన చూశాను. ఏమీ లేదు. “మంచిగనే ఉన్నయవ్వా” అని చెంబెడు తాగేశాను కూడా.

సార్లు వచ్చిన రోజు అవ్వ ధైర్యం చేసి చెంబుతో ఎదురెళ్లింది. ఓనర్ మధ్యలో దూరి, “గీ పెయింటర్ గవే నీళ్లు తాగిండు సార్, అడగండి” అన్నాడు. పెద్దసారు నా వైపు చూశాడు. వాసన లేదన్నాను. ఆయన చెంబు అందుకోకుండానే ఏదో రాసుకుని, నా నెమలి పక్కన నిలబడి ఫొటో దిగాడు. అవ్వ చెంబులో ముక్కు పెట్టి మళ్లీ ఓసారి వాసన చూసుకుంటూ వెళ్లిపోయింది.

నెల రోజులకు ఇంట్లో బోర్డు రాస్తున్నాను. పొయ్యి మీద పప్పు మాడి బొగ్గయింది. పక్కింటి నుంచి నా భార్య పరుగెత్తుకొచ్చింది. “ఇల్లంత మాడువాసన కొడ్తుంటె గిట్ల కూసున్నవేంది!” అని అరిచింది. నాకేమీ తెలియలేదు. టర్పెంటాయిల్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదీ లేదు. ఇన్నేళ్లు దాన్నే పీల్చిన ముక్కు ఎప్పుడు చచ్చిపోయిందో! అవ్వ చెంబు గుర్తొచ్చింది.

తెల్లారి మానుకోటలో ఆ పెద్దసారు ఆఫీసుకు పోయాను. నా ముక్కు పనిచేయదని, నా మాట కొట్టేయమని బతిమాలాను. ఆయన కోప్పడలేదు, చాయ్ ఇప్పించాడు.

“ముక్కే పనిచెయ్యకపోతే, ఇప్పుడు వాసన వస్తదని నువ్వెట్ల చెప్తవయ్యా?” అన్నాడు.

ఫోన్‌లో కంపెనీ పేజీ తెరిచి చూపించాడు. నా అడవే. కింద అందరూ కంపెనీని మెచ్చుకుంటున్నారు. జనం నమ్మేలా బొమ్మ వేయడమే నా పని, ఆ పని బాగానే చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్కణ్నుంచి నేరుగా తండాకు వెళ్లాను. కోడలు బావిలోంచి నీళ్లు చేదుతోంది. అరుగు మీద కూర్చున్న అవ్వ నన్ను చూసి సంబరపడింది.

“నీ పున్యాన చెల్క బావికాడికి పోవుడు తప్పింది బిడ్డా. నువ్వు చెప్పినంక గివే తాగుతున్నం. నా కోడలు ఇంక వాసన వాసన అంటే, పెయింటర్ తాగంగ నీకేమొచ్చిందని కోప్పడ్డ” అంది.

కోడలు చేద ఆపి నన్నే చూస్తోంది. ఆఫీసుకు కాదు, నేను ముందు రావాల్సింది ఇక్కడికి.

“అవ్వా, నాకు వాసన తెల్వదు” అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. చెవి ఇటు తిప్పి, మళ్లీ చెప్పమంది.