నలభై మూడో బల్బు

పెళ్లయిన ఆరేళ్లలో మా మామ నాకు ఒక్క పని కూడా చెప్పలేదు. కోడుమూరు దగ్గర వాళ్ల ఊరికి ఎప్పుడు వెళ్లినా వరండాలో కుర్చీ, చేతిలో కాఫీ, "కూచోండప్పా" అనే మర్యాద. చేనుకు వస్తానంటే "ఎండలో మీకెందుకు" అనేవాడు. కడపలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాడికి ఏం చేతనవుతుందన్న మాట ఆయన నోరు దాటకపోయినా నాకు వినపడేది. ఆ కుర్చీని చూస్తేనే ఒళ్లు మండేది.

అందుకే మరదలి నిశ్చితార్థానికి ఇంటికి లైట్లు నేనే పెడతానని పట్టుబట్టాను. మామూలు సీరియల్ సెట్లు కాదు. బల్బు బల్బుకూ ఒక చిప్పు ఉండి, ఫోన్లోంచి చెప్తే దేని రంగు అది చూపించేవి. అలాంటివి మూడు వందలు! మిద్దె మీదనుంచి గడప దాకా రంగులు నీళ్లలా జారుతాయని వీధంతా కోతలు కోశాను. మామ "సరే, కానీండి" అన్నాడు. అతుకులకు నీళ్లు దూరకుండా సిలికాన్ పూద్దామా అంటే మాత్రం నవ్వేశాడు.

"ఈడ వాన యాడ ఉండాదప్పా? మూడు నెల్ల నుంచి మబ్బు మొగమే సూడలేదు."

నేనూ సీమలో పుట్టినవాణ్ణే కదా, నిజమేననుకుని ఉత్త టేపు చుట్టేశాను.

నిశ్చితార్థానికి ముందురోజు సాయంత్రం లైట్లు వేసి మురిసిపోతుండగా వాన దిగింది. కుండపోత. స్విచ్చు తీసేయడానికి లోపలికి పరుగెత్తబోతే మామ నా చెయ్యి పట్టి వాకిట్లోకి లాగాడు.

"వానొస్తే ఇంట్లోకి పరిగెత్తుతారా ఎవురైనా? తడవండి!"

అప్పటికే ఊరు ఊరంతా వీధిలో ఉంది. గొడుగు పట్టినవాడు ఒక్కడు లేడు. మా అత్త తమలపాకుల బుట్టను అరుగు మీదే వదిలేసి వచ్చి చేతులు చాపి నిలబడింది. నేనూ లైట్ల సంగతి మరిచిపోయి చిన్నపిల్లాడిలా గెంతాను. రాత్రంతా అవి కరెంటు మీదే తడిశాయి.

తెల్లారి చూస్తే నలభై మూడో బల్బు దాకే వెలుగు. ఆ తర్వాత అంతా చీకటి. పెళ్లికొడుకు వాళ్లు దీపాలవేళకు వస్తారు.

"పోనీలెండి, సీరియల్ సెట్లోణ్ణి పిలిపిస్తా" అన్నాడు మామ. అంటే నేను మళ్లీ కుర్చీకి!

"వద్దు మామా!" అని అరిచినంత పని చేశాను.

ఈ బల్బులు ఏ రంగు చూపాలన్న కబురును వరసగా ఒకదానికొకటి అందించుకుంటాయి. మధ్యలో ఒకటి ఆపిందంటే దాని వెనకవాటికి దిక్కులేదు. వరసలో మొదట ఆరిపోయింది నలభై నాలుగోది కాబట్టి తప్పు దానిదేననుకున్నాను. దాన్ని కత్తిరించి, మూడు తీగలూ గీకి, కొత్తది అతికాను. వెలగలేదు. నలభై ఐదోదీ మార్చాను. ఊహూఁ. తయారుచేసినవాణ్ణి తిట్టాను, టేపును తిట్టాను, వానను తిట్టబోయి నాలుక కరుచుకున్నాను. మామ ఎదురుగా మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

ఆయన బీడీ ఆర్పి దగ్గరికొచ్చాడు. "డ్రిప్పు పైపులో నీళ్లు ఆగితే, ఎండిన చెట్టు కాడ వెతుకుతామా? ఆకర్న తడిసిన చెట్టు కాడ సూస్తాం."

"నలభై మూడోది బాగానే వెలుగుతాంది కదా మామా."

"దాని కడుపు నిండింది. పక్కదానికి పెట్టిందా లేదా సూడండి."

నలభై మూడోదాని టేపు విప్పాను. అవతలి అతుకంతా పచ్చటి చిలుము! ముట్టుకోగానే కబురు మోసే తీగ పుటుక్కున ఊడొచ్చింది. పాత టూత్‌బ్రష్షుతో చిలుము గీకి, ఆయన తీగ పట్టుకుంటే నేను కాల్చిన కడ్డీతో సీసం కరిగించి అతికాను. స్విచ్చు వేయగానే రంగులు గోడ వెంట ఉరికాయి. ఇద్దరం ఒకేసారి కేకపెట్టాం. నూట పన్నెండు దగ్గర మళ్లీ ఆగాయి. నేను లెక్కపెట్టేలోపే మామ నిచ్చెనెక్కి, దాని టేపు పీకుతున్నాడు. మధ్యాహ్నం అన్నం సంగతి ఇద్దరికీ గుర్తులేదు. చివర్న అతుకు అతుకుకూ సిలికాన్ పూశాను. ఈసారి మామ నవ్వలేదు.

సాయంత్రం రంగులు మిద్దె మీదనుంచి గడప దాకా జారుతుంటే పెళ్లికొడుకు తండ్రి, ఎవరు పెట్టారని అడిగాడు.

"నేనూ మా అల్లుడూ" అన్నాడు మామ. నా పేరు వెనక రావడం నాకు కొంచెం గుచ్చుకుంది గానీ, ఆ పూటకు ఆ మాటే పదివేలు.

మర్నాడు తెల్లవారకముందే ఎవరో నా దుప్పటి లాగేశారు.

"ఏమప్పా, ఇంకా పండుకోనుండావా? నేల పదును ఆరిపోతాది. లెయ్, బుడ్డలు ఇత్తల్ల. గొర్రు ఎనకాల నువ్వే నడవల్ల."

కళ్లు నులుముకుంటూ వరండాలోకి వచ్చాను. కాఫీ లేదు. నా కుర్చీలో వేరుశనగ విత్తనాల మూట ఉంది. దాన్ని భుజానికెత్తుకుని ఆయన వెనకాలే పరుగెత్తాను.