అన్నయ్యకు తెలిసిన జబ్బు

హేమ తీసిన పూతరేకును ఎత్తి పట్టుకుంటే అవతల మనిషి మొహం కనిపించేదని ఆత్రేయపురంలో చెప్పుకునేవారు. నిజానికి ఆమెది ఆ ఊరు కాదు, మురమళ్ళ. పెళ్ళయి వచ్చాక అత్తగారు మహాలక్ష్మమ్మ పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద ఒక్క ఊపులో లాగాలి. పొర ఆరగానే చిరగకుండా తీసెయ్యాలి. చెయ్యి కాస్త తడబడినా రేకు పాడవుతుంది.

కూతురికి నడక వచ్చే వేళకి హేమ చెయ్యి తడబడడం మొదలైంది.

గుడ్డ లాగుతుంటే మధ్యలో చెయ్యి ఎగిరిపడేది. నిద్ర చాలడం లేదనుకుంది. కొన్నాళ్ళకు రెండు చేతులూ చాపితే పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు ఆడేవి. మాట ముద్దగా వచ్చేది. నడుస్తుంటే ఎడమ పాదం లోపలికి మెలిపడేది. నోటి చివర చొంగ కారుతున్నా తనకు తెలిసేది కాదు. వీధిలో ఒకరు తాగిందేమోనని నవ్వారు, ఇంకొకరు గాలి సోకిందన్నారు. దగ్గర్లో చూపిస్తే ఒక డాక్టరు నరాల బలహీనత అన్నాడు, మరొకాయన మనసులో దిగులన్నాడు. ఎవరో చెప్పారని మహాలక్ష్మమ్మ రాగి చెంబు కొని, అందులో నిలవ ఉంచిన నీళ్ళు రోజూ పరగడుపున తాగించేది.

హేమ పుట్టింటికి ఫోన్ చేసి ఏడ్చేది.

"అన్నీ నువ్వే ఊహించుకుంటున్నావే. గుండె దిటవు చేసుకో," అనేది తల్లి వీరాయమ్మ.

అన్నయ్య నాగబాబు ఫోన్ అందుకుని, "పెద్ద డాక్టరుకి చూపించుకోమ్మా," అని పెట్టేసేవాడు.

చివరికి భర్త వీరేంద్ర ఆమెను కాకినాడ తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ హేమ చేతులు చాపించి చూసింది, తర్వాత కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. నల్లగుడ్డు అంచున గోధుమ రంగు వలయం ఉంది. పరీక్షల ఫలితాలు వచ్చాక జబ్బు పేరు విల్సన్ అని చెప్పింది. తిండిలో ఉండే రాగిని ఒళ్ళు బయటికి పంపలేకపోతోంది, అది కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుపోయింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి పుట్టుకతో వచ్చే జబ్బు అది.

"మందులున్నాయి, జీవితాంతం వాడాలి. ముందే తెలిసుంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఈమె తోడబుట్టినవాళ్ళని కూడా పరీక్షకి రమ్మనండి," అంది డాక్టరమ్మ.

మర్నాడు నాగబాబు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు, చిన్న చెల్లెలు రమ్యశ్రీని మాత్రం తీసుకురాలేదు. రక్తం తీయడానికి నర్సు చెయ్యి చాపమంటే వెనక్కి లాక్కున్నాడు.

"నాకక్కర్లేదండీ."

"ఎందుకని?" అంది డాక్టరమ్మ.

అతను తల్లి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"నాకూ ఉందండీ. మందులు వాడుతున్నానండీ."

"ఎప్పటినుంచి?"

"చెల్లి పెళ్ళికి ముందు నుంచండీ."

"చెల్లెళ్ళకి పరీక్ష చేయించమని మీ డాక్టరు అప్పుడు చెప్పలేదా?"

"చెప్పేరండీ."

హేమకు గుర్తొచ్చింది. తన పెళ్ళి కుదిరిన రోజుల్లో అన్నయ్యకు పచ్చకామెర్లు ముదిరి ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత రోజూ ఏవో మాత్రలు మింగేవాడు. ఏమిటవి అంటే గ్యాసుకి అనేవాడు.

"అప్పటికే ముహూర్తం పెట్టేసుకున్నామండీ," అంది వీరాయమ్మ. "బయటికి పొక్కితే సంబంధం పోతాదని భయమేసిందండీ. పిల్లకి ఏమీ కనపళ్ళేదు, బాగానే ఉంది కదా అనుకున్నామండీ."

హేమ మాట కూడదీసుకుంది. ఒక్కో ముక్కా పెదవుల దగ్గర ఆగి ఆగి వచ్చింది.

"నేను ఫోన్ చేసి ఏడ్చినప్పుడల్లా... నీకు తెలుసా అన్నయ్యా?"

"అమ్మ ఒట్టేయించుకుందే," అన్నాడు నాగబాబు.

బయట వరండాలో వీరాయమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. వణుకుతున్న ఆ చేతినే పట్టుకుని, "రమ్యకి సంబంధం చూస్తన్నామే. దాని దగ్గర ఈ మాటెత్తకు. నీకు దణ్ణం పెడతాను," అంది.

హేమ చెయ్యి విడిపించుకుంది. తల్లి ఎదుటే భర్త ఫోన్ అందుకుని, అమలాపురంలో డిగ్రీ చదువుతున్న చెల్లెలు రమ్యశ్రీకి చేసింది. ఆమె మాటలు అవతల అర్థం కాలేదు. వీరేంద్ర పక్కన నిలబడి, హేమ అన్న ప్రతి మాటనూ మళ్ళీ స్పష్టంగా చెప్పాడు. రమ్యశ్రీ ఆ వారమే వచ్చి రక్తం ఇచ్చింది. ఆమెకూ జబ్బు ఉంది, ఇంకా ఏ లక్షణమూ బయటపడలేదు. ఆమె వెంటనే మందులు మొదలుపెట్టింది. పెళ్ళివారికి కూడా తనే చెప్పింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. హేమ చెల్లెలి పెళ్ళి చెడగొట్టిందని వీరాయమ్మ ఇప్పటికీ అంటుంది.

"మీవాళ్ళు మమ్మల్ని మోసం చేసేరు," అంది మహాలక్ష్మమ్మ ఒకరోజు కోపంగా.

"ముందు నన్ను చేసేరండీ అత్తయ్యగారూ," అంది హేమ.

మందులు మొదలుపెట్టిన కొత్తలో వణుకు ఇంకా పెరిగింది. గ్లాసు పట్టుకోలేకపోయింది. ఇలా కొందరికి జరుగుతుందని చెప్పి డాక్టరమ్మ మందు మోతాదు తగ్గించి, మెల్లగా పెంచింది. ఏడాది దాటాక పాదం తిన్నగా పడింది, మాట తేటపడింది. రేకు తీసే ఒడుపు మాత్రం తిరిగి రాలేదు. రోజూ కుండ ముందు కూర్చునే అత్తగారిని చూడలేక కొన్నాళ్ళు పెరటివైపే వెళ్ళలేదు. ఇప్పుడు ఫోనులో ఆర్డర్లు తీసుకుంటుంది, డబ్బాలు సర్దుతుంది.

మొన్న నాగబాబు వచ్చాడు. హేమ మందులు కూడా తనవాటితో పాటే తెచ్చానంటూ సంచి ఇచ్చాడు. హేమ మంచినీళ్ళిచ్చింది, అతని పిల్లలెలా ఉన్నారని అడిగింది. తర్వాత గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, ఒక్కో మాత్రల అట్టనూ తిప్పి పేరూ తేదీ చదవసాగింది.

"అన్నీ సరైనవేనే," అన్నాడు నాగబాబు. "నేనే దగ్గరుండి కొన్నాను."

"ఆయ్," అని హేమ ఇంకో అట్ట చేతిలోకి తీసుకుంది.