ఆదిలాబాదులో గాలి కొలిచిన రెండు రోజులు

కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ పొద్దున ఆరుంబావుకు కదిలింది. జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ మీదుగా వెళ్ళే బస్సు అది. డ్రైవరు వెనక రెండో వరుసలో కిటికీ సీటు దొరికింది. బట్టల సంచి పైన పెట్టి, రెండో సంచిని ఒళ్ళో పెట్టుకున్నాను. అందులో గాజు గొట్టాలున్నాయి. ఇలాంటి సామానుతో ఈ దారిన వెళ్ళేవాళ్ళు దాన్ని డిక్కీలో వేయకండి. మెట్‌పల్లి దాటాక రోడ్డు దేన్నీ వదిలిపెట్టదు.

నేను కరీంనగర్‌లో ఒక చిన్న పరీక్షా కేంద్రంలో పనిచేస్తాను. ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు పీల్చే గాలిలో ఏ రసాయనం ఎంత ఉందో కొలవడం మా పని. ఈసారి ఆదిలాబాద్ శివారులోని ఒక సోయా నూనె మిల్లు పిలిచింది. సోయా గింజల నుంచి నూనెను గానుగతో కాక, పెట్రోలులాంటి ఒక ద్రావకంతో తీస్తారు. దాని పేరు హెక్సేన్. నూనె పోయాక మిగిలే పిండిని వేడిచేసి, అందులో మిగిలిన హెక్సేన్‌ను వెళ్ళగొట్టి బస్తాలకు నింపుతారు. బస్తాలు నింపే గదిలో తలనొప్పులు వస్తున్నాయని కూలీలు అంటున్నారట.

కొండగట్టు స్టేజీ దగ్గర కాషాయం బట్టల స్వాములు దిగారు. వాళ్ళ జాగాలో ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. ఆడవాళ్ళకు కండక్టరు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టును మడిచి కొంగున కట్టుకుంటూ నా ఒళ్ళోని సంచిని చూసింది.

"గంత పదిలంగ పట్టుకున్నరు, బంగారమా సారూ?"

"కాదమ్మా, గాలి కొలిచే సామాను."

"గాలిని కొలుసుడేంది! మా దిక్కు వడ్లు కొలుస్తరు, పాలు కొలుస్తరు. గాలికి గూడ కాంటా వెట్టిండ్రా?"

ముందు సీటువాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, ఒక పంపు తీసి చూపించాను. పిడికిలంత ఉంటుంది. పనిచేసే మనిషి నడుముకు కడతాం. దాని నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం వీపు మీదుగా కాలరు దాకా వస్తుంది. కొసన బొగ్గు పలుకులు నింపిన గాజు గొట్టం ఉంటుంది. మనిషి ముక్కు దగ్గరి గాలిని పంపు కొద్దికొద్దిగా లాగుతుంటే అందులోని విషం బొగ్గుకు పట్టుకుంటుంది. పని దిగాక గొట్టానికి మూతలు పెట్టి, ఐసు డబ్బాలో తెచ్చి, ప్రయోగశాలలో లెక్క తీస్తాం.

ఆమె శ్రద్ధగా విన్నది. "మా ఆయన దుబాయ్‌ల పెయింట్ పని చేస్తడు. గాడ గసోంటి మిషన్ మొత్తుకుంటే అందరు బయటికి ఉర్కాల్నట. గిది గూడ మొత్తుకుంటదా?"

"ఇది మొత్తుకోదు, ఊరికే గుర్తుపెట్టుకుంటుంది. మొత్తుకునేది ఇంకోటి ఉంది, సంచిలో."

"అయితే గదే తియ్యుండ్రి ముందుగాల," అంటూ ఆమె కోరుట్లలో దిగిపోయింది.

నిర్మల్‌లో పదిన్నరకు ఇరవై నిమిషాల ఆపు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, చాయ్ బాగున్నాయి. తర్వాత ఘాటు రోడ్డు ఎక్కుతుంటే టేకు చెట్లు రెండు వైపులా దగ్గరికొచ్చాయి, చెవుల్లో గాలి మారింది. ఒంటిగంటకు ముందే ఆదిలాబాద్ చేరాం. బస్టాండుకు నడిచేంత దూరంలో లాడ్జి తీసుకున్నాను. గది మామూలుగా ఉంది కానీ నీళ్ళు వేడిగా వస్తాయి. రాత్రి జొన్నరొట్టె, పిట్ల తిన్నాను. శనగపిండితో చిక్కగా చేసే ఆ కూర కోసమైనా ఈ ఊరు రావచ్చు.

మరునాడు ఏడింటికి మిల్లు గేటు దగ్గరున్నాను. ఫోను, అగ్గిపెట్టె గేటులోనే ఇచ్చేయాలి. లోపల చిన్న నిప్పురవ్వ చాలు. మా పంపులు రవ్వ పుట్టించని రకం కాబట్టి లోపలికి వదిలారు. బస్తాలు నింపే గదిలో ఇద్దరున్నారు. పిండి జారే మూతి కింద బస్తా పట్టేవాడు విఠల్. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే సన్నటి మనిషి, నలభై దాటి ఉండవు. బస్తాల మూతులు కుట్టేది అనసూయ.

విఠల్ నడుముకు పంపు కట్టి నేను అన్న మాట ఇది: "జాగ్రత్త. ఇది నీ ఏడాది జీతం కన్నా ఖరీదు. పాడైతే నేను జవాబు చెప్పుకోలేను."

ఎందుకు కడుతున్నానో చెప్పలేదు. బస్సులో ముక్కూమొహం తెలియని ఆమెకు అంత ఓపికగా చెప్పిన వాణ్ణి, ఆ గాలి పీల్చే మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. అరగంటకోసారి వచ్చి చూడటం కూడా నా పనే. రెండుసార్లు వెళ్ళాను. పది దాటాక మేనేజరు శ్రీధర్‌రావు తన ఏసీ గదిలోకి పిలిచాడు. చాయ్ వచ్చింది, తర్వాత భోజనం వచ్చింది. పదకొండింటికి కరెంటు పోయి వచ్చిన సంగతి నాకు తెలుసు. మిషన్ ఆగి మళ్ళీ మొదలైనప్పుడు పిండి సరిగా ఆరక, హెక్సేన్‌తోనే కిందికి జారుతుందనీ తెలుసు. అన్నీ తెలిసి కుర్చీలో కునుకు తీశాను.

రెండున్నరకు బయటికి వస్తే, వాచ్‌మన్ గదిలో మేకుకు శుభ్రమైన తువ్వాలలో చుట్టిన పంపు వేలాడుతోంది. ఫ్యాను కింద హాయిగా నడుస్తోంది.

"విఠల్ ఇచ్చిండు సార్, పైలంగ పెట్టుమన్నడు," అన్నాడు వాచ్‌మన్.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా బస్తాల గదికి వెళ్ళి అందరి ముందూ విఠల్‌ను కేకలేశాను. "ఎవరు తీయమన్నారు నిన్ను? ఒక్క రోజు కట్టుకుని ఉండలేవా?"

అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరే చెప్పిండ్రు గద సార్, నా ఏడాది జీతం కన్న ఎక్కువని. కరెంటు వచ్చినంక పిండి తడి వస్తది, వాసన గట్టిగ కొడతది. మిషన్ ఖరాబైతదని తీసిచ్చిన."

అనసూయ సూది ఆపకుండానే అంది: "మనిషి ఖరాబైతే ఇంకో మనిషి దొరుకుతడు సారూ. మిషన్ ఖరాబైతే ఎట్ల మరి!"

పనివాడి నష్టాన్ని కొలిచే యంత్రాన్ని ఆ నష్టం నుంచే కాపాడాడు అతను. అలా కాపాడమని నేర్పింది నేను.

శ్రీధర్‌రావు వెనకే వచ్చాడు. "పంపు బందు కాలే గద సార్? పొద్దుటి సంది నడుస్తనే ఉన్నది. గా గొట్టం చాలు. అయిదింటి బస్సుకు సీటు గూడ ఉన్నదంటిరి."

నిజంగానే ఉంది. సగం రోజు వాచ్‌మన్ గది గాలి పీల్చిన ఆ గొట్టం చాలా మంచి ఫలితం ఇస్తుంది. మిల్లు సంతోషిస్తుంది, మా ఆఫీసూ సంతోషిస్తుంది. 'సరే' అన్న మాట నాలిక చివరి దాకా వచ్చిందని ఒప్పుకోవాలి.

అప్పుడే విఠల్ బస్తా భుజానికెత్తుకుని మెట్లు దిగాడు. ఎడమకాలి చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. అతను ఆ వట్టి కాలితోనే వాకిలి సగం దాటాడు.

"ఓ విఠల్! చెప్పు ఈడ్నే ఉన్నదిరో!" అని అనసూయ అరిచింది. అందరూ నవ్వారు. విఠల్ కిందికి చూసుకుని తనూ నవ్వాడు. "ఈ మధ్యల గిట్లనే అయితుంది సార్. ఊడింది ఎరుక అయితలేదు."

నాకు నవ్వు రాలేదు. హెక్సేన్‌ను నెలల తరబడి పీలిస్తే ముందు కాలివేళ్ళ నరాలు మొద్దుబారతాయి. తర్వాత పాదాలు, చేతులు. త్వరగా దూరం జరిగితే చాలామందికి నెమ్మదిగా స్పర్శ తిరిగొస్తుంది. జరగకపోతే నడకే పోతుంది. ఆ గొట్టంతో నేను బస్సెక్కితే, ఆ గదిలో గాలి బాగుందని కాగితం మీద రుజువవుతుంది. విఠల్ అదే మూతి కింద నిలబడతాడు.

గొట్టం తీసి, పనికిరాదని రాసి, సీటు రద్దు చేసుకున్నాను.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక ఇద్దరితో చెక్క బల్ల మీద కూర్చుని అంతా చెప్పాను. కేకలేసినందుకు క్షమించమన్నాను. విఠల్ ఇబ్బందిగా నవ్వాడు. ఆసుపత్రికి వెళ్ళాలనగానే ఆ నవ్వు పోయింది.

"చెప్తే పని పోదా సార్? ఇద్దరు పోరగాండ్లు సదువుతున్నరు."

"నువ్వు చెప్పకు. గాలి చెబుతుంది, నేను రాస్తాను. మిల్లు వల్ల వచ్చిన జబ్బుకు నిన్ను తీసేస్తే అది కూడా రాస్తాను."

మరునాడు పంపు కడుతూ ఒక్కటే అన్నాను: "వాసన గట్టిగా కొట్టినప్పుడు ఇది తప్పకుండా నీ దగ్గరుండాలి. పాడైతే పాడవనీ." రెండోది అనసూయకు కట్టాను. బస్సులో నా పక్కన కూర్చున్నామె ముందుగాల తియ్యమన్న అలారం మీటరును నా చేత్తో పట్టుకుని మూతి పక్కనే నిలబడ్డాను. ఏసీ గది వైపు వెళ్ళలేదు.

పదిన్నరకు కరెంటు పోయింది. వచ్చాక పిండి జారడం మొదలైన కాసేపటికే మీటరు గోల పెట్టింది. విఠల్‌నూ అనసూయనూ వెంటనే బయటికి పంపాను. గాలిని బయటికి నెట్టే పెద్ద ఫ్యానును చూస్తే దాని బెల్టు తెగి ఉంది. సీజన్ అయ్యాక వేద్దామనుకున్నారట. శ్రీధర్‌రావు ఉరుకుతూ వచ్చి మీటరు అంకె చూసి తెల్లబోయాడు. అతను చెడ్డవాడేం కాదు. గాలిలో ఇంత హెక్సేన్ ఉంటే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉందని చెప్పగానే మిషన్ ఆపించి, యజమానికి ఫోన్ చేయడానికి గేటు వైపు పరుగెత్తాడు. మధ్యాహ్నం మిల్లు జీపులోనే విఠల్‌ను ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు.

అయిదింటి బస్సు ఎక్కాను. ఐసు డబ్బాలో రెండు గొట్టాలు. ఈసారి వాటిలో ఉన్నది మనుషులు పీల్చిన గాలే. ఘాటు దిగుతుంటే శ్రీధర్‌రావు ఫోన్ చేశాడు.

"రిపోర్టు జర మెత్తగ రాయుండ్రి సార్."

"మొదటి పేజీలో నా తప్పు రాస్తున్నానండీ, మొదటి రోజు గొట్టం ఎందుకు పనికిరాదో. నన్ను నేనే మెత్తగా రాసుకోవడం లేదు."

అటువైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది. "బెల్టు రేపు నాగపూర్ నుంచి వస్తది."

నిర్మల్ దాటాక విఠల్ ఫోన్ చేశాడు. నరాల పరీక్షకు వారం తర్వాత రమ్మన్నారట. అప్పటిదాకా ఆ గదిలోకి పోవద్దని డాక్టరు రాసిచ్చాడట. మిల్లువాళ్ళు గేటు కాడ లారీల నంబర్లు చూసే పనిలో వేశారు.

"గాడ కూసునుడే సార్, పొద్దు పోతలేదు. గాని ఒక్క మాట. రేపు నా జాగల ఎవన్ని నిలవెడ్తరో, ఆనికి జర చెప్పుండ్రి."

శ్రీధర్‌రావుకు మళ్ళీ ఫోన్ చేశాను. బెల్టు పడి, ఫ్యాను తిరిగి, నా మీటరు మూతి దగ్గర నోరు మూసుకునే దాకా ఆ మూతి కింద ఎవర్నీ నిలబెట్టనని మాట తీసుకున్నాను. వచ్చే వారం మీటరు పట్టుకుని వస్తానని చెప్పి, బస్సులోనే ఆ ప్రయాణానికి టికెట్టు బుక్ చేసుకున్నాను. దారి కుదిపేసినా, ఘాటు అందంగా ఉంటుంది. రేపు పొద్దున ఏడింటికి ఆ గదిలో ఎవరూ ఉండరు.