స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి పట్టుచీర

ఈ రోజు యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి అమ్మను తీసుకెళ్లాను. అది రాకపోతే నా చదువు ఈ ఏడాదితో సరి. దొడ్డబళ్ళాపురంలో కూలికి మగ్గం నేసే అమ్మ, పెద్ద ఆఫీసు కదా అని తన పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది. ఆదాయ పత్రం చూస్తున్న ఆఫీసరు తలెత్తి చీర వైపే చూశాడు. 

"ఇంట్లో అంతా బాగుండాదా అమ్మా?" అన్నాడు.

"దేవుని దయ, ఏం కొదవా లేదప్పా," అంది అమ్మ, మర్యాదకి.

సోమవారం ఇల్లు చూడ్డానికి వస్తామని రాసుకున్నాడు.

నేను నెట్ సెంటర్లో కూర్చుని ఇది రాస్తుంటే, ఇంట్లో అమ్మ గోడలకు సున్నం వేస్తోంది. పక్కింటివాళ్ల సోఫా కూడా అడిగి ఉంచింది. ఆమెను ఆపడమెలాగో ఎవరైనా సోమవారంలోగా చెప్పండి.