పదిలో రెండు అన్నాను

ఆ రోజు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో షెడ్డు కప్పే పని. సేఫ్టీ బెల్టు బిగించుకోగానే కుడి పక్కటెముకల మీద వాత పెట్టినట్టు చురుక్కుమంది. విప్పి చూస్తే ఏమీ లేదు. కండరం పట్టిందనుకుని బామ్ రాసుకున్నాను. నాలుగు రోజులు అదే మంట. ఐదో రోజు వీపు నుంచి ఛాతీ దాకా పట్టీలా ఎర్రగా కంది, దాని మీద నీటి పొక్కులు లేచాయి.

మర్నాడు మేముండే క్యాంప్ 2 బస్తీలో మా వీధి చివరి క్లినిక్‌కి ఒక్కణ్ణే వెళ్లాను. డాక్టరమ్మ చూడగానే హెర్పిస్ జోస్టర్ అంది, మనం సర్పి అంటాం. పొక్కులు రాకముందు నొప్పి ఉందా అని అడిగింది. లేదన్నాను. "దర్ద్ కితనా? దస్ మే?" అంది హిందీలో, నొప్పి పదిలో ఎంతని. రెండు అన్నాను. నిజానికి చొక్కా తగిలితే ప్రాణం పోతోంది.

నాకు యాభై ఎనిమిదేళ్లు. ముప్ఫై ఏళ్లుగా ఎత్తు మీద కాంట్రాక్టు పని. పైకి ఎక్కనిచ్చే హైట్ పాస్ కోసం ఏటా మెడికల్ పరీక్ష ఉంటుంది. కళ్లు తిరుగుతాయా, నడుం నొప్పా అని అడుగుతారు. దేనికైనా "నహీ సాబ్" అనాలి, లేకపోతే పాస్ ఆగిపోతుంది. పాపం ఈ డాక్టరమ్మకీ నా పాస్‌కీ ఏ సంబంధమూ లేదు. అయినా తెల్లకోటు కనబడితే చాలు, నా వెధవ నోరు దానంతటదే అబద్ధమాడేస్తుంది.

ఆమె రాసిన వాలాసైక్లోవిర్ మాత్రలు ఏడు రోజులు వేసుకున్నాను. పొక్కులు ఎండి రాలాయి, మంట పోలేదు. రెండోసారి నా భార్య పైడమ్మ వెంట వచ్చింది. డాక్టరమ్మ మళ్లీ నంబర్ అడిగింది. నేను మళ్లీ రెండే అన్నాను.

"రెండేటి? సొక్కా ఏసుకోలేక తువ్వాలు కప్పుకుని కూకుంటన్నారు, రెండేటి?" అని పైడమ్మ నా మీద విరుచుకుపడింది. పొక్కులకు ముందు నాలుగు రోజుల మంటతో సహా డాక్టరమ్మకు హిందీలో అంతా చెప్పేసింది. సిగ్గుతో నేను తలెత్తలేదు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఈ నొప్పి ఎవరికి ఉండిపోతుందో ఖచ్చితంగా చెప్పే టెస్టు లేదట. వయసు, పొక్కులకు ముందే నొప్పి రావడం, మొదట్లో దాని తీవ్రత, బట్ట తగిలినా మండటం, ఇవన్నీ చూసి అంచనా వేస్తారట. నా మాట నమ్మి నాకు రిస్క్ తక్కువ అనుకుందట. తెలిసుంటే నొప్పి మందు అప్పుడే మొదలుపెట్టి, తొందరగా మళ్లీ రమ్మనేదట. అలా చేసుంటే తగ్గిపోయేదా అని అడిగాను.

"అది నేను చెప్పలేను" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను తింటోంది.

నొప్పికి గాబాపెంటిన్ మొదలైంది. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే దాని పేరు పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అని చెప్పింది. అప్పటినుంచి క్యాలెండర్‌లో రోజులు లెక్కపెట్టేవాణ్ణి. రోజూ పొద్దున్నే పక్కటెముకల మీద వేలితో తాకి చూసుకునేవాణ్ణి. బెల్టు కట్టలేనివాణ్ణి పైకి ఎక్కనివ్వరు. నాకు వేరే పని రాదు. మూడు నెలలూ దాటాయి, మంట అలాగే ఉంది.

ఇప్పటికి ఎనిమిది నెలలు. అసలు నంబర్ ఇప్పుడు నాలుగుకి దిగింది. బెల్టు ఇంకా కట్టలేను. కింద నిలబడి క్రేన్‌కి సిగ్నల్ ఇస్తున్నాను. పైన ఉన్నవాళ్లని చూస్తే కుళ్లుగా ఉంటుంది, దాచడం ఎందుకు.

ఒంటికి ఒక పక్కనే ఇలా పొక్కులు లేస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పి ఏ రోజు మొదలైందో, ఎంత ఉందో కాగితం మీద రాసి చేతికివ్వండి. నేనూ ఇప్పుడు అలాగే ఇస్తున్నాను. డాక్టరమ్మ అది చదివి, ఒకసారి పైడమ్మ వైపు చూసి, ఆమె తలూపాకే రాసుకుంటుంది.