గోదావరికి దండం, ఆఫీసుకు దరఖాస్తు

నాలాంటి నోరులేని పిల్ల ఆఫీసుకు పోయి, తనకు తానే శిక్ష రాసిచ్చి, కింద సంతకం కూడా పెట్టి వచ్చిందంటే మీరు నమ్మరు. నేనూ నమ్మకపోదును. కానీ ఆ కాగితం నకలు నా డైరీలో అంటించి ఉంది.

ముందు కారు సంగతి చెప్పాలి. మా బాపు బెల్లంపల్లిలో బొగ్గుబాయి దిగి దిగి రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాడు. "గా దస్తఖత్‌లు పెట్టుడు నాతోని గాదు, బిడ్డ పేరు మీదనే తీస్కుందాం" అన్నాడు. అలా నేను ఓనర్ని అయ్యాను. నాకు డ్రైవింగ్ రాదు. ఎదురుగా సైకిలొస్తే పక్కకు జరిగి, దారి ఇచ్చినందుకు దానికే థాంక్స్ చెప్పే రకం నేను. అయినా ఆర్‌సీ కార్డును అప్పుడప్పుడూ తీసి మురిపెంగా చూసుకునేదాన్ని. చిన్నప్పటి నుంచీ ఇన్ని డైరీలు నింపాను గానీ, నా పేరు అచ్చయింది దాని మీద ఒక్కదాని మీదే.

కారు నడిపేది మా అక్క మొగుడు, రాజేశం బావ. నెలకోసారి బాపును దగ్గు డాక్టరుకు చూపించడానికి కరీంనగర్ తీసుకుపోతాడు. నేను వెనక సీట్లో ఒక పుస్తకంతో, బయల్దేరేటప్పుడు అవ్వ నా ఒళ్లో పెట్టిన కవర్లతో ఒదిగి కూర్చుంటాను. స్టీరింగ్ పట్టుకుంటే బావకు పల్లికాయలు ఉండాల్సిందే. ఆ పల్లికాయలను గుర్తుపెట్టుకోండి. నేను వాటినే పట్టుకుని మునిగాను.

ఒకరోజు మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఫలానా నంబరు కారులోంచి గోదావరి బ్రిడ్జి మీద చెత్త పడేశారు, కెమెరా వీడియో మా దగ్గర ఉంది, లోపల ఎవరు పడేసినా బాధ్యత వాహన యజమానిదే, జరిమానా కట్టండి, అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోండి అని. కింద నా పేరు. అచ్చులో రెండోసారి.

నాకు ఒళ్లు మండింది. చాక్లెట్ కాగితం కూడా బయట పడేయకుండా పుస్తకంలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునే మనిషిని నేను. మా ఇంట్లో ఏ పుస్తకం దులిపినా నాలుగు రాలతాయి. అలాంటి నా మీద చెత్త కేసు. నేరం ఎవరిదో ఆలోచించడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం అక్కాబావలు రాగానే నోటీసు బావ ముందు పెట్టాను.

"బావా, పల్లిపొట్టు ఎటు ఏసినవ్?"

"డబ్బల ఏసిన. సీటు కింద ఉంటది, పోయి చూస్కో."

"గా డబ్బ ఇయ్యాల పెట్టినవేమో."

ఏడాదంతా దాచుకున్న నోరును ఒక్కసారే వాడేశాను. బావ చాయ్ గ్లాసు కింద పెట్టి, కారు తాళంచెవి తీసి మా అవ్వ చేతిలో పెట్టాడు. "అత్తా, నీ బిడ్డ నన్ను దొంగను జేసింది. తప్పయిందని ఆమె నోటితోని అనేదాక నేను గా స్టీరింగ్ ముట్ట" అని లేచిపోయాడు. చాయ్ సగం తాగిన అక్క, నన్ను కొరికేసేలా చూసి ఆయన వెనకే పోయింది.

బాపును డాక్టరుకు చూపించాల్సింది వచ్చే మంగళవారమే. బస్సులో అంత దూరం కుదిపితే ఆయన దగ్గుకు డ్రైవరే బండి ఆపి నీళ్లిస్తాడు. ఒక్క మాట అనేస్తే అయిపోతుంది కదా అని బాపు, జరిమానా కట్టేసి ఊరుకోమని అవ్వ. నేను వినలేదు. చేయని తప్పుకు తల వంచేది లేదని డైరీలో రాసి, కింద రెండు గీతలు గీశాను. రెండు గీతలు గీసిన మాటను నేను ఎప్పుడూ తప్పలేదు.

ఇక దరఖాస్తు. మూడు చిత్తుప్రతులు, మూడు పేజీలు. ఆ రోజు కారులో ఏం జరిగిందో డైరీ చూసి పూసగుచ్చినట్టు రాశాను. బ్రిడ్జి మీద బావ పల్లీలు నములుతున్నాడు, బాపు కునుకు తీస్తున్నాడు, నేను కళ్లు మూసుకుని గోదావరి తల్లికి దండం పెట్టుకుంటున్నాను. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆఖరి వాక్యం మీద నాకు ఎంత మోజంటే, దాన్ని అద్దం ముందు నిలబడి చదువుకున్నాను: "ఈ పని చేసిన చేతితోనే ఆ స్థలమును ఊడిపించవలసినదిగా ప్రార్థన."

వీడియో కలిసే చూద్దామని బావకు కబురు పెట్టి, సోమవారం ఆఫీసుకు బయల్దేరాను. ఇద్దరం ఒకే బస్సులో పోయాం. ఆయన ముందు, నేను వెనక, మధ్యలో మూడు సీట్ల కోపం.

ఆఫీసులో సారు బావను చూసి "ఓనర్ నువ్వేనా?" అని అడిగాడు. బావ వేలితో నన్ను చూపించాడు. నేను దరఖాస్తు ఇచ్చాను. సారు మూడు పేజీలూ చదివాడు. ఆఖరి వాక్యం రెండుసార్లు చదివి, "మంచిగ రాసినవమ్మా" అన్నాడు. జీవితంలో నాకు దొరికిన మొదటి పాఠకుడు. నేను ఇంకా పొంగిపోతూనే ఉన్నాను, ఆయన కంప్యూటర్ మా వైపు తిప్పాడు.

మా కారు వచ్చింది. ముందు అద్దాలు మూసే ఉన్నాయి. వెనక అద్దం దిగింది. ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి ఒక కవరు విసిరింది. కవరు బ్రిడ్జి గోడకు తగిలి చిరిగింది. వాడిపోయిన బంతిపూలు, అగరుబత్తి పుల్లలు రోడ్డంతా పరుచుకున్నాయి. వెనకొచ్చిన లారీ వాటిని తొక్కుకుంటూ పోయింది. ఆ చెయ్యి మాత్రం రెండో చేతితో కలిసి ఎంతో భక్తిగా దండం పెడుతోంది.

బల్ల మీదున్న నా గాజుల చేతిని మెల్లగా చున్నీ కిందికి లాక్కున్నాను.

ఒట్టేసి చెబుతున్నాను, నాకు నిజంగా తట్టలేదు. దేవుడి పటాల దగ్గర తీసిన పూలు చెత్తబుట్టలో వేయకూడదు, పారే నీళ్లలోనే కలపాలి అని అవ్వ ప్రతిసారీ ఆ కవరు నా ఒళ్లో పెడుతుంది. బ్రిడ్జి రాగానే విసరడం, కళ్లు మూసుకోవడం నాకు రెప్ప వేసినంత అలవాటు. అది మొక్కు. చెత్త అంటే పల్లిపొట్టు.

"గవి దేవుని పూలు సార్" అన్నాను, ఉన్న గొంతంతా కూడగట్టుకుని.

"దేవుని పూలే తల్లీ. గని నువ్వు ఏసింది ప్లాస్టిక్ కవర్ల గదా. గోదావరికి చేరలే, లారీ టైర్లకు చేరినయ్."

బావ జేబులోంచి ఒక పల్లికాయ తీసి ఒలిచి, పొట్టును చాలా జాగ్రత్తగా మళ్లీ జేబులోనే వేసుకున్నాడు. ఆయన నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"తప్పయింది బావా."

"జర గట్టిగ అను మరదలా. వెనక లైన్ల ఉన్నోళ్లకు ఇనపడలే."

గట్టిగానే అన్నాను. లైనంతా తిరిగి చూసింది. "సరే తియ్, తాళంచెవి అత్త దగ్గర తీస్కుంట. రేపు మామను తోల్కపోవాలె గదా" అన్నాడు బావ. నా గుండె మీంచి బండ దిగింది.

జరిమానా కట్టి లేవబోతుంటే సారు నా దరఖాస్తు పైకెత్తాడు. "గీ ఆఖరి ప్రార్థన సంగతేందమ్మా?" అని నవ్వి, వదిలేసినట్టే చెయ్యి ఊపాడు. కానీ నవ్వుతూ నవ్వుతూ ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీశాడు. ఒకటి కాదు. రెండు.

ముందే చెప్పాను కదా.

మంగళవారం బాపును చూపించుకుని వస్తూ బ్రిడ్జి దాటే ముందు కారు పక్కకు ఆపించాను. బ్రిడ్జి గోడ వెంబడి, ఆకుపచ్చ గాజుల చేతితోనే ఊడ్చాను. బావ వెనకే సంచి పట్టుకుని నడుస్తూ, "మరదలా, గా మూలకు ఇంకో బంతిరేక ఉన్నది" అని చూపించాడు. కారులో బాపు నవ్వీ నవ్వీ దగ్గాడు. డాక్టరిచ్చిన మందు మొదటి మోతాదు అక్కడే వేయాల్సి వచ్చింది.

ఇప్పుడు దేవుడి పూలు మా పెరట్లో మల్లెచెట్టు మొదట్లో గుంతలోకి పోతున్నాయి. కావున యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట నేను గోదావరికి వట్టి దండమే పెడతాను, అదీ కళ్లు తెరిచి. ఎవరి మీదైనా దరఖాస్తు రాసేముందు నా రెండు చేతులనూ నేనే తనిఖీ చేసుకుంటాను. ఈ ప్రతిజ్ఞను డైరీలో రాసి, కింద ఒక్క గీతే గీశాను.

రెండో గీతకు ధైర్యం చాలలేదు.